పదిహేడో నానుడి

ఆదివారం

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఇంటిల్లిపాదీ క్షేమం. నువ్వూ, తమ్ముడూ, మరదలూ, నీ రెండు కుట్టు మిషన్లూ బాగున్నారనుకుంటాను. ఉత్తరం దేనికి, ఫోను చెయ్యొచ్చుగా అంటావని తెలుసు. ఫోనులో నువ్వు మిషను తొక్కుతూ మాట్లాడతావు. నేను చెప్పేదాంట్లో సగం నీకు వినపడదు, మిగతా సగం నేను మింగేస్తాను. ఈసారి మింగకూడదని కాగితం తీశాను.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. భుజం నొప్పి తగ్గింది. నువ్వు చెప్పినట్టే కుర్చీ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు పెంచాను. నువ్వు చెప్పిందే నిజమని నోటితో ఒప్పుకోవడం ఇష్టం లేక కాగితం మీద ఒప్పుకుంటున్నాను. చిట్టికి కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకున్న రోజే నా మొహంలోకి తేరిపార చూసి, ఇన్ని మచ్చలు ఎప్పుడొచ్చాయమ్మా అని అడిగింది. అచ్చం నీ మనవరాలే. సూపర్‌వైజరు పదవి సంగతి ఇంకా తేలలేదు, ఎందుకు తేలలేదో కిందకి చదివితే తెలుస్తుంది. ఇక నాలుగోది, ఆ విదేశీ మేడం మా చొక్కాల ఫ్యాక్టరీకి వచ్చి నా కాలర్లు చూసిందా, ఇంత బాగా ఎవరు నేర్పారని అడిగిందా అని. దానికి జవాబు చివర్లో చెప్తాను. కాగితం తిప్పి ముందే చివర చదివేయకు, నీ సంగతి నాకు తెలుసు.

ముందు చిట్టి నోటుపుస్తకం కథ విను. బళ్లో టీచరు ముప్పై ఇంగ్లీషు నానుడులు పోగుచేసి, ఒక్కోదాని అర్థమూ, అది ఎలా పుట్టిందో ఆ కథా రాసుకుని రమ్మంది. మన చిట్టి సాయంత్రం పూట వంటగది గడప మీద కూర్చుని నాకు చదివి వినిపిస్తోంది. నేను కూర కలుపుతూ వింటున్నాను. మొదట్లో చెవికి పట్టలేదు గానీ, రెండో రోజుకి పొయ్యి చిన్నది చేసి మరీ విన్నాను. ఎందుకంటే సగం మాటలు మన కుట్టుపనిలోవే.

వాళ్లకి కోపం వస్తే కాలరు కింద వేడెక్కిందంటారట. మా మేనేజరుకి పొద్దున తొమ్మిదింటి నుంచీ అదే జ్వరం. ఎవరినైనా కాస్త ఓపిక పట్టమనాలంటే చొక్కా ఒంటిమీదే ఉంచుకోమంటారట. పూర్వం మగవాళ్లు కొట్లాటకి దిగేముందు చిరుగుతుందేమోనని చొక్కా విప్పి పక్కన పెట్టేవాళ్లని దానికి కథ. చొక్కా గురించి ఆలోచించేంత తీరిక ఉన్నవాడికి కొట్లాట దేనికో నాకు అర్థం కాలేదు. ముందుగా సిద్ధపడకుండా అప్పటికప్పుడు మాట్లాడితే చేతిపట్టీ మీంచి మాట్లాడారంటారు. ఉపన్యాసాలిచ్చేవాళ్లు మర్చిపోకుండా చొక్కా చేతిపట్టీల మీద గుర్తులు రాసుకునేవాళ్లని చెబుతారట. అవి ఉతికినవాళ్ల కష్టం గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

మరోటి ఉంది. ఏదైనా పూర్తిగా, ఏమీ మిగల్చకుండా చేస్తే "మొత్తం తొమ్మిది గజాలు" అంటారు. ఏ తొమ్మిది గజాలు, దేని తొమ్మిది గజాలు అంటే ఎవరికీ తెలియదట. గుడ్డ కొలతేనని కొందరు, కాదని కొందరు. పెద్దపెద్ద చదువులవాళ్లు కూడా తేల్చలేక వదిలేశారని టీచరు చెప్పిందట. తొమ్మిది గజాల్లో చొక్కా మనిషికి కాదు, ఏనుక్కి కుట్టాలని నేనన్నాను. చిట్టి ఆ మాట కూడా రాసుకుంది, కొట్టేయమన్నా వినలేదు.

మనవీ తక్కువేం కాదని దానికి చెప్పాను. జవాబు చెప్పలేనివాడు నీళ్లు నమిలాడంటాం, నీళ్లని నమలడమేమిటి? ఇష్టమైనదాని కోసం చెవి కోసుకుంటామంటాం. మీ అమ్మమ్మ టీ అంటే చెవి కోసుకుంటుందని ఏ తెల్లదొరకో చెప్తే, వాడు నీ రెండు చెవులూ ఉన్నాయో లేదో చూడటానికి బండెక్కి వచ్చేస్తాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వు సోమవారం సాయంత్రం దాకానే.

ఇంకొక్క నానుడి చెప్పి ఫ్యాక్టరీ సంగతికి వస్తాను. వాళ్ల దేశంలో ఉన్నిగుడ్డ నేశాక కడిగి, ముడుచుకుపోకుండా చెక్కచట్రానికి వరసగా కొక్కేలు కొట్టి, ఆ కొక్కేలకి గుడ్డని నాలుగువైపులా లాగి ఎండబెట్టేవాళ్లట. ఏం జరుగుతుందో తెలియక ప్రాణం బిగబట్టుకుని ఉన్న మనిషిని ఆ కొక్కేల మీద ఉన్నాడంటారు. ఆరు రోజుల నుంచి నేను వాటి మీదే ఉన్నానమ్మా.

మా కాలర్ల వరస నీకు తెలుసు. పద్దెనిమిది మంది ఆడవాళ్లం, అందరికీ పెద్దని నేను. వరస చివర తనిఖీ బల్ల, ఆ బల్ల దగ్గర టేపు. నువ్వు వచ్చినప్పుడు చూశావు, సన్నగా, పొడుగ్గా, మెడలో కొలతటేపు తీయకుండా ఉంటుంది. అందుకే ఆ పేరు. కాలరు కొస ఒక్క పోగు వంకరపోయినా వెనక్కి పంపుతుంది. ఆమెని నేను మనసులో తిట్టుకోని రోజు లేదు. అయినా ఆమె వెనక్కి పంపబట్టే మా కాలర్లు ముందుకి వెళ్తున్నాయని నాకు తెలుసు. డిగ్రీ చదివింది. మా అందరిలోకీ ఇంగ్లీషు ధారాళంగా వచ్చేది ఆమెకే. మొగుడు కాలు విరిగి మంచం మీద ఉన్నాడు, ఈ ఏడాది ఆ ఇల్లు నడిచింది ఆమె చేతుల మీదే.

చొక్కాలు కొనే కంపెనీ తరఫున తనిఖీ చేసే మేడం రెండు వారాల కిందట వచ్చి వెళ్లింది. పోయిన సోమవారం ఆమె నివేదిక వచ్చింది. మేనేజరు మిషన్లు ఆపించి మమ్మల్నందరినీ నిలబెట్టాడు. కాలర్ల వరసలో పని మమ అనిపిస్తున్నారట, పైపైన చేసి పంపేస్తున్నారట, ఆ మాట మీలోనే ఒకళ్లు మేడంతో ఒప్పుకున్నారట, అందుకని ఆర్డరు ఆపేశారని చెప్పాడు. ఎవరు చెప్పారో మేడం రాయలేదు. చెప్పినవాళ్లకి హాని జరక్కుండా పేరు దాచడం వాళ్ల నియమం.

నాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా ఆ వరస నాది. నా కాలర్లని పైపై పని అన్న ఆ మహాతల్లి ఎవరో ముందుకి రావాలని నేనే గట్టిగా అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఇంగ్లీషులో అంత మాట చెప్పడం మాలో ఎంతమందికి వచ్చు" అన్నాను. అని టేపు వైపు చూశాను. నేను చూశానని అందరూ చూశారు. మేనేజరుకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. టేపు కాదని రెండుసార్లు చెప్పింది, మూడోసారి చెప్పలేదు. కబురు చేసేదాకా రావద్దని మధ్యాహ్నానికి ఆమెని ఇంటికి పంపేశాడు.

ఆ సాయంత్రం చిట్టి నోటుపుస్తకం తెరిచి పదిహేడో నానుడి చదివింది. "కట్ కార్నర్స్." అక్షరాలా చెప్పాలంటే మూలలు కత్తిరించడం. అర్థమేమిటంటే, చెయ్యాల్సిన పని చెయ్యాల్సినట్టు చెయ్యకుండా అడ్డదారిన, తూతూమంత్రంగా ముగించడం. బళ్లు తోలేవాళ్లు మలుపు దగ్గర దారి వెంట పూర్తిగా తిరక్కుండా మూలకి అడ్డంగా పోనిచ్చేవాళ్లనీ, అందులోంచి ఆ మాట పుట్టిందనీ రాసుకుంది. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. కూర మాడింది.

ఇప్పుడు చెప్తాను విను, ఇన్ని కాగితాలు ఈ నాలుగు ముక్కలు చెప్పడానికే. మేడం వచ్చిన రోజు మేనేజరు ఫోను వచ్చి పక్కకి వెళ్లాడు. మేడం నా మిషను దగ్గర నిలబడింది. నేను కాలరు మూడువైపులా కుట్టి, కుట్టుకి బయట మిగిలిన గుడ్డని మూల దగ్గర ఏటవాలుగా, నువ్వు నేర్పినట్టే రెండు పోగులు వదిలి కత్తిరించి, తిరగేసి కొస తీశాను. ఆమె కొసని వేలితో తాకి చూసి నవ్వింది. నవ్వుతూ ఏదో అడిగింది. మిషన్ల మోతలో నాకు దొరికినవి రెండే మాటలు, "కట్", "కార్నర్స్". ఇక్కడ మీరు కట్ కార్నర్స్ చెయ్యరు కదా అని మర్యాదకి అడిగి ఉంటుంది. నా చేతిలో కత్తెర అప్పుడే మూల కత్తిరించి ఉంది. నేను ఛాతీ విరుచుకుని, "ఎస్ మేడమ్. ఆల్ కార్నర్స్. ఎవ్రీ కాలర్" అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. అర్థం కాలేదేమోనని కత్తెర ఎత్తి గాలిలో రెండుసార్లు ఆడించి మరీ చూపించాను. ఆవిడ ఇంకో ప్రశ్న అడిగి, నేను చెప్పింది తన చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయింది. ఆ ఇంకో ప్రశ్న సంగతి తర్వాత.

నోరు జారింది నేను, వీధిన పడింది టేపు. పోనీ తెలియక అన్నాననుకో. సోమవారం సాయంత్రానికి తెలిసిందిగా. మంగళవారం చెప్పాల్సింది, బుధవారం చెప్పాల్సింది. సూపర్‌వైజరు పదవికి నా పేరు పైకి వెళ్లి ఉంది. ఇప్పుడు నోరు విప్పితే అది పోతుందని లోపల ఒక లెక్క వేసుకున్నాను. పైగా వరసలో వాళ్లందరి ముందూ పరువు. ఇంట్లో ఆయనకి చెప్తే, తెలియక అన్నదానికి నీ తప్పేముందన్నారు. అన్నదానికి తప్పు లేదు, చూసినదానికి ఉంది. టేపు వైపు ఎవరూ చూడమనకుండా చూశాను.

నాకు పన్నెండేళ్లప్పుడు మూల కత్తిరించకుండా కాలరు తిరగేస్తే కొస కుక్క చెవిలా మొద్దుబారింది. నువ్వు దాన్ని విప్పి నా ముందు పడేసి, "లోపల మిగిలిపోయిందాన్ని తీసెయ్యకపోతే బయటికి ఎప్పుడూ సరిగ్గా రాదు" అన్నావు. కాలరు గురించే అన్నావు. ఆరు రోజులుగా నాకది కాలరు గురించిలా వినపడటం లేదు. రేపు పొద్దున మొదటి పని మేనేజరు గదిలోకి వెళ్తాను. మంగళవారం ఆ మేడం మళ్లీ వస్తుందట, ఆవిడకీ చెప్తాను. నా ఇంగ్లీషు ఎంతుంటే అంతతో చెప్తాను. ఉత్తరం మూయకుండా ఉంచుతున్నాను, ఏం జరిగిందో రాసి అప్పుడే పోస్టు చేస్తాను.

బుధవారం

సోమవారం మేనేజరుకి చెప్పాను. మొదట నమ్మలేదు, తర్వాత తల పట్టుకున్నాడు, ఆ తర్వాత లేచి తలుపు వేశాడు. తలుపు వేశాడంటేనే మంచి మాట కాదని అర్థమైంది. టేపు ఎలాగూ వెళ్లిపోయిందనీ, వరస సరిదిద్దామని చెప్పి ఆర్డరు తెచ్చుకుందామనీ, ఇది ఇక్కడితో వదిలెయ్యమనీ చెప్పాడు. "ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే సూపర్‌వైజరు కుర్చీ నీది కాదు" అన్నాడు. ఆ కుర్చీ ఎత్తు నా భుజానికి పడదు లెండి అన్నాను. అమ్మా, జన్మలో మొదటిసారి సమయానికి మాట తట్టింది.

సాయంత్రం టేపు ఇంటికి వెళ్లాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే మొత్తం చెప్పాను, చేతిపట్టీ మీంచి కాదు, దారంతా కూడబలుక్కుని. నేను చూసిన చూపు కూడా చెప్పాను. విన్నంతసేపూ మెడలో టేపుని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ఇంట్లో కూడా తీయదని అప్పుడే తెలిసింది. చివరికి ఒకే మాట అంది. "నువ్వు అన్నందుకు నాకు కోపం లేదు. అన్నది నువ్వేనని తెలిసీ ఆరు రోజులు ఊరుకున్నావు చూడు, అందుకు." నీళ్లు కూడా నమల్లేదు, తల దించుకున్నాను. రేపు పదింటికి మేడం వస్తుంది, నువ్వు పక్కనుంటే బాగుంటుందని చెప్పి వచ్చేశాను.

మంగళవారం పదింటికి టేపు గేటు దగ్గరికి వచ్చింది. మేనేజరు లోపలికి వద్దన్నాడు. ఆమె రాకపోతే నేనూ గేటు బయటే నిలబడతాను, కాలర్లు మీరే తిరగేసి మేడంకి చూపించుకోండి అన్నాను. వరసలోంచి ఇద్దరు ముగ్గురు లేచి నా వెనక నిలబడ్డారు. మేనేజరుకి కాలరు కింద వేడెక్కింది గానీ పక్కకి జరిగాడు.

మేడం బల్ల మీద రెండు కాలర్లు పెట్టాను, ఒకే గుడ్డ, ఒకే కుట్టు. ఒకదానికి మూల కత్తిరించాను, రెండోదానికి లేదు. రెండూ ఆవిడ చేతనే తిరగేయించాను. మొదటిది కత్తిమొనలా వచ్చింది. రెండోదాన్ని ఆవిడ పెన్ను పెట్టి పొడిచి, గోటితో లాగి, ఎంత తంటాలు పడ్డా మొద్దుగానే ఉండిపోయింది. అప్పుడు చిట్టి నోటుపుస్తకం పదిహేడో నానుడి దగ్గర తెరిచి ఆవిడ ముందు పెట్టి, రెండు రోజులు అద్దం ముందు చదువుకున్న వాక్యం చెప్పాను. మేము కార్నర్స్ కట్ చేస్తాం మేడమ్, కట్ కార్నర్స్ చెయ్యం అని. ఇంగ్లీషులో ఎక్కడో ఒక మాట తప్పు పడింది. టేపు పక్కనుంచి మెల్లగా ఆ ఒక్క మాట సరిదిద్దింది. నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

మేడం నా కత్తెర చూసింది, కాలర్లు చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకునేదే గానీ టేపు మొహం చూసి ఆగింది. ఇదంతా ఎవరి మీద పడిందో నేను చెప్పాను, నా చూపు సంగతితో సహా. మేడం లేచి నిలబడి టేపుకి క్షమాపణ చెప్పింది. మేనేజరు కూడా చెప్పాల్సి వచ్చింది. ఆయన చెప్పినది పూర్తిగా వినపడలేదు, మిషన్ల మోత ఉంది.

ఆర్డరు మళ్లీ మొదలైంది. టేపు ఇవాళ పొద్దున్నే బల్ల దగ్గరికి వచ్చింది. నాతో ఒక్క మాట లేదు. వచ్చిన గంటలో నా కాలర్లు మూడు వెనక్కి పంపింది. నిజంగానే వంకరగా ఉన్నాయి, విప్పి మళ్లీ కుట్టాను. ఆమె మాట్లాడేదాకా ఎన్ని పంపినా కుడతాను. సూపర్‌వైజరు మాట మేనేజరు ఎత్తలేదు, నేనూ అడగలేదు, నువ్వూ ఇక అడగకు.

ఇక నీ నాలుగో ప్రశ్న. మేడం తన చిన్న పుస్తకం తీసి, ఆ రోజు రాసుకున్న పేజీ తెరిచింది. రెండే వాక్యాలున్నాయి. ప్రతి కాలరుకీ మూలలు కత్తిరిస్తున్నామని కార్మికురాలు చెప్పింది. అలా చెయ్యమని తన తల్లి నేర్పిందట. మొదటిరోజు ఆవిడ అడిగిన ఇంకో ప్రశ్న ఇదేనమ్మా. ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారని నిలదీస్తే, మెచ్చుకుంటోందనుకుని, తల ఎత్తుకుని "మై మదర్" అన్నాను. ఇన్నాళ్లూ ఆ పుస్తకంలో నువ్వు నేరస్థురాలివి. ఇది చెప్పడానికే నాకు అన్నిటికన్నా నోరు రాలేదు.

మేడం ఆ పేజీ కొట్టేయడానికి పెన్ను ఎత్తింది. కొట్టేయొద్దు మేడమ్, అందులో ఒక్క అబద్ధం లేదన్నాను. టేపు ఆ మాట ఆవిడకి అర్థమయ్యేలా చెప్పింది. ఆవిడ ఆ రెండు వాక్యాలూ అలాగే ఉంచి, కింద "ఇదే సరైన పద్ధతి" అని రాసింది. రాసి నా వైపు తిరిగి, ఇది నీకెవరు నేర్పారన్నావు అని మళ్లీ అడిగింది.

మొదటిసారి ప్రశ్న అర్థం కాక మా అమ్మ అన్నాను. ఈసారి అర్థమయ్యే అన్నాను. నీ పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించాను.

ఇట్లు,
నువ్వు కత్తెర చేతికిచ్చిన
నీ పెద్ద కూతురు